చట్టంలో లేని గంగారాం మామ నియమం

మా మేనమామ గంగారాం కాలం చేసి పన్నెండు రోజులైంది. ఆ రోజు మా బాబుకు అన్నం తినిపిస్తుండగా నిజామాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటు. ముందురోజు సాయంత్రం దాకా దుకాణంలో కూర్చున్న మనిషి!

చేలమీద పడే కోతులను బెదిరించడానికి ఎయిర్‌గన్ కావాలంటే బోధన్, రుద్రూర్ చెరకు రైతులు ఆయన దుకాణానికే వచ్చేవారు. డిగ్రీ సెలవుల్లో అక్కడ రిజిస్టర్ రాసింది నేనే. చట్టం ఆయనకు కంఠస్థం. తక్కువ శక్తి గల ఎయిర్‌గన్ కొనేవాడికి లైసెన్స్ అక్కర్లేదు. అమ్మే దుకాణానికి కావాలి. గుర్తింపు కార్డు చూడందే, పేరూ ఊరూ రాయందే ఆయన గన్ ముట్టనిచ్చేవారు కాదు.

చట్టంలో లేని నియమం కూడా ఒకటి పెట్టుకున్నారు. కొనేవాడు భార్యనో తల్లినో వెంట తేవాలి. గన్ ఇంట్లో ఎక్కడ పెడతారో ఆమే చెప్పాలి.

"ట్రాక్టర్ కొన్ననాడు గూడ మా ఇంటామెను తోల్కరాలే సేటూ! గీ కోతుల తుపాకికి తోల్కరావాల్నా?" అని రుద్రూర్ రైతు ఒకాయన ఎగతాళి చేశాడు.

"ట్రాక్టర్ మంచం కింద వెడ్తవా?" అన్నారు మామ.

మర్నాడు ఆ రైతు భార్యతో వచ్చాడు. బియ్యం డబ్బా వెనక పెడతానంది ఆమె.

"ఆడికి పోరగాండ్లు రారా బిడ్డా?"

ఆమె కాస్త ఆలోచించింది. "బీరువాల వెట్టి, తాళం నా కొంగుకు కట్టుకుంట."

అప్పుడు మామ నన్ను రిజిస్టర్ తెరవమన్నారు.

ఆయనకు దుకాణంలో అమ్మకం కన్నా బయటి అమ్మకమే భయం. కొన్నవాళ్లు కొన్నాళ్లకు పక్క చేనువాడికి అమ్మేస్తారు. "దుకాణంల అమ్మితే నేను అడుగుత. గట్టుమీద అమ్మితే అడిగేటోడెవడు? పిల్లగాని కన్ను వోయినంక అడుగుతరు" అనేవారు. అలా చేతులు మారుతోందని తెలిస్తే ఇద్దరినీ పిలిపించి, చాయ్ తాగించి, కొత్తవాడి పేరు రాయించేవారు. రాకపోతే తానే బస్సెక్కి వెళ్లేవారు.

కర్మ ముగిశాక, ఇంట్లో ఉన్న ఆయన సొంత గన్‌ను అత్త నా చేతిలో పెట్టి, "ఆయన పద్ధతి నీకెరుక, నువ్వే సూడు" అంది. బోధన్ దగ్గర సాగు చేసే మా అన్న సాయిలు వెంటనే అందుకోబోయాడు.

"నాకియ్యి చెల్లె. మనోళ్లల్ల గూడ రాసుడేంది?"

సెలవులొస్తే నా కొడుకు ఆడుకునేది అన్న పిల్లలతో, ఆ ఇంట్లోనే. అన్నను నొప్పించాలని లేదు. అయినా గన్ వదల్లేదు.

"వదినను పిలువు అన్నా."

వంటింట్లోంచి వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏడ వెడ్తవ్ వదినా?" అన్నాను. ఆమె తన ఇల్లంతా కళ్లముందు తిప్పుకుంటున్నట్టు నిలబడింది.

"బీరువాకు తాళం వడది. అటుక మీదికి నీ కొడుకే ముందు ఎక్కుతడు. మా ఇంట్ల దానికి జాగ లేదు, వద్దు" అంది.

అన్న చేయి వెనక్కి తీసుకున్నాడు. "మామ పోయినా గీ పంచాయితి పోలే" అని నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు.

మామతోనే ఆయన దుకాణం మూతపడడంతో, ఆ గన్‌ను లైసెన్స్ ఉన్న మరో దుకాణానికి అప్పగించాం. ఆ దుకాణం కార్డు చూస్తుంది, పేరు రాసుకుంటుంది. ఇంటామెను మాత్రం అడగదు. ఆ లోటు తీరేది కాదు.

మామా, ఈ చెరకు పల్లెల్లో ఎందరు పిల్లల కళ్లు నీ మొండితనం వల్ల చల్లగా ఉన్నాయో ఆ పిల్లలకు తెలియదు. వాళ్ల తల్లులకు తెలుసు. వారందరి పక్షాన నీకు చేతులెత్తి మొక్కుతున్నాను.