పదకొండు క్లచ్ ప్లేట్లు

క్షమించడం గురించి మా శామీర్‌పేట చర్చిలో ఏడాదికి తక్కువలో తక్కువ ఇరవై ప్రసంగాలు వింటాం. ఎలీషమ్మక్క మూడో వరుసలో కూర్చుని అన్నీ వింది. ఒక్కటీ చెవిన పెట్టలేదు. ఆమె పగ పట్టింది, మూడేళ్ళ పాటు పట్టు వదల్లేదు. అది తప్పని చెప్పేవాళ్ళు మా సంఘంలో చాలామంది ఉన్నారు. నేను వాళ్ళలో లేను.

నేను అల్వాల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. రెండేళ్ళ కింద కారు కొందామని మేడ్చల్ రోడ్డు మీద ప్రతాప్‌గారి షోరూముకు వెళ్ళాను. చల్లటి ఏసీ, చేతికి కాఫీ, మేడమ్ మేడమ్ అంటూ వెంట తిరిగే సేల్సు మనిషి, అంతా బాగానే ఉంది. అడ్వాన్సు కోసం ఏటీఎం వెతుక్కుంటూ బయటికొచ్చేసరికి రోడ్డవతల నుంచి కేక వినిపించింది.

"టీచరమ్మా! పైసలు కట్టిన్రా, ఇంక కట్టలేదా?"

షోరూము అద్దాల తలుపుకు సరిగ్గా ఎదురుగా ఒక రేకుల డబ్బా కొట్టు. అందులో ఆయిలు డబ్బాలు, ఫిల్టర్లు, వైపర్లు. వాటి మధ్య స్టూలు మీద ఎలీషమ్మక్క. ఇంకా కట్టలేదని చెప్పాను.

"మంచిగైంది. గీడ కూసోండి. మీరు సూసిన బండే ఇంకో కంపెనీ పేరుతోటి సుచిత్ర చౌరస్తా కాడ దొర్కుతది. ఒక్కటే ఫ్యాక్టరీల తయారైతది. ముంగట జాలి వేరు, దాని మీద బిళ్ళ వేరు. లోపల సూది మొనంత ఫరక్ లేదు. గా బిళ్ళకే అరవై వేలు ఎక్కువ."

నేను నమ్మలేదు. వాళ్ళ వారంటీ ఒక ఏడాది ఎక్కువ కదా అన్నాను.

"ఎక్కువనే, అది అబద్ధం కాదు. మీరు ఏడాదికి ఎంత తిరుగుతరు?"

"బడికీ ఇంటికీ. ఎనిమిది వేల కిలోమీటర్లు దాటదు."

"మరి మీకెందుకది? మస్తు తిరిగేటోల్లకు పనికొస్తది. ఇగ సర్వీసు సూడండి. గాడ ఫిల్టరు ఏడు వందలు, సుచిత్ర కాడ నాలుగు వందలు. ఫిల్టరు ఒక్కటే, డబ్బా రంగు వేరు."

"అమ్మేటప్పుడు ఈ పేరుకు ఎక్కువ వస్తుందంటున్నారు."

"నలభై వేలు ఎక్కువొస్తది. కొనేటప్పుడు అరవై ఎక్కువ వెట్టి, అమ్మేటప్పుడు నలభై ఎక్కువ తెచ్చుకునుడు ఏం లాభం? మీరు లెక్కల టీచరే గద?"

పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు లాభనష్టాలు చెబుతున్న నాకు ఆ రోజు చెవులు ఎర్రబడ్డాయి. సుచిత్ర వెళ్ళి రెండో పేరు బండే కొన్నాను. తాళాలు చూపిద్దామని ఆమె దగ్గరికి వస్తే, ముందు తాళాలు చూడలేదు. సుద్దముక్క తీసి రేకు గోడ మీద ఒక గీత గీసింది. అప్పటికి అక్కడ నలభై రెండు గీతలున్నాయి. నాది నలభై మూడోది. ప్రతి గీతా ఎదురు షోరూములోకి వెళ్ళి, కొనకుండా వెనక్కి వచ్చిన ఒక మనిషి.

అసలు ఎలీషమ్మక్క ఆ షోరూములోనే పనిచేసేది. లాల్‌గడి మలక్‌పేట్‌లో భూములు లేఅవుట్లయ్యాక ప్రతాప్‌గారి కుటుంబం ఆ షోరూము పెట్టింది. పెట్టిన రోజు నుంచి స్పేరు పార్టుల స్టోరు ఆమెదే. పదో తరగతి కూడా పాసవలేదు కానీ ఏ బోల్టు ఏ బండికి పడుతుందో చీకట్లో తడిమి చెప్పేది. రెండు కంపెనీలు చేతులు కలిపి ఒకే బండిని రెండు పేర్లతో అమ్మడం మొదలుపెట్టాక, సామాను కూడా ఒక్కోసారి ఈ పేరు డబ్బాలో, ఒక్కోసారి ఆ పేరు డబ్బాలో వచ్చేది. ఆమె డబ్బాను చూసేది కాదు, వస్తువును చూసేది. రెండూ ఒకటే కాబట్టి ఒకే అరలో పెట్టి, బిల్లులో ఏ పేరున్నా చేతికందిన డబ్బా ఇచ్చేది. ఆమె తప్పు చేసిందంటే అదొక్కటే చేసింది.

ఒక రోజు కౌంటరు దగ్గర ఒక ముసలాయన క్లచ్ ప్లేటు ధర విని లబలబలాడాడు. ఈమె మనసు ఊరుకోక రెండు డబ్బాలూ విప్పి పక్కపక్కన పెట్టి, "రెండో పేరుది కొనుక్కో తాతా, ఒక్కటే" అంది. వెనక ప్రతాప్‌గారు నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రమే స్టాకు లెక్క పెట్టించారు. కంప్యూటరు డబ్బా మీది పేరును బట్టే లెక్క చూస్తుంది. వాళ్ళ పేరున్న క్లచ్ ప్లేట్లు పదకొండు తక్కువ వచ్చాయి. "పోలీసులకు చెప్పను, నీ వయసు చూసి వదిలేస్తున్నా" అని ఆమెను బయటికి పంపించారు. పోలీసులకు చెప్పలేదు కానీ మా పాస్టరుగారికి చెప్పారు.

మా చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య తిరగడం చిన్న పని కాదు. మెరూన్ మఖ్మలు సంచి, చెక్క పిడి. ఎలీషమ్మక్క పద్నాలుగేళ్ళు పట్టింది. భర్త సాలోమోను పోయిన నెలలో కూడా ఒక్క ఆదివారం మానలేదు. ప్రతాప్‌గారి కబురు వచ్చిన వారం, కమిటీ సెక్రటరీ గిడియోన్ ఆమె దగ్గరికి వచ్చి, "అక్కా, నువ్వు కొన్ని రోజులు రెస్ట్ తీస్కో" అన్నాడు. ఆ ప్లేట్లు నువ్వు తీశావా లేదా అని ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

పీఎఫ్ డబ్బులతో ఆమె సరిగ్గా షోరూముకు ఎదురుగా ఆ డబ్బా కొట్టు పెట్టింది. కొన్నాళ్ళకు, ఆమె స్థానంలో చేరిన అశ్రిత అనే అమ్మాయి అక్కడ పని మానేస్తూ వచ్చి అసలు సంగతి చెప్పింది. లెక్క పెట్టిన వారానికే అదే అరలో రెండో పేరు డబ్బాలు పదకొండు ఎక్కువగా కనబడ్డాయట. అశ్రిత వెళ్ళి చూపిస్తే ప్రతాప్‌గారు నోరు మూసుకొమ్మన్నారట. ఎందుకు అనరు? ఎలీషమ్మ దొంగ కాదని చెప్పాలంటే ఆ రెండు ప్లేట్లూ ఒకటేనని చెప్పాలి. ఒకటేనని చెబితే అరవై వేలు ఎక్కువ పెట్టి బండి కొనేదెవరు? ఆయన వ్యాపారం నిలబడాలంటే ఈమె దొంగగానే ఉండాలి.

కథ తెలిశాక, పదండి, పాస్టరుగారికి చెబుదాం అన్నాను.

"నేను జెప్తే ఎవరు ఇంటరు టీచరమ్మా? దొంగ గట్లనే అంటదనుకుంటరు. గా మాట ఆయన నోట్లకెళ్ళే రావాలె. అందరి ముంగట రావాలె. గప్పటిదాంక నాకు నిద్ర వట్టకున్నా ఫరవాలేదు."

ఈ ఏడు ఆమెకు ఆ అవకాశం వచ్చింది. పల్లెల్లో ప్రార్థనలకు తిరగడానికి పాస్టరుగారికి ఒక ఏడు సీట్ల బండి కొనాలని సంఘమంతా రెండేళ్ళుగా చందాలు వేసుకుంటోంది. గిడియోన్ వెళ్ళి ప్రతాప్‌గారి షోరూములో ధర మాట్లాడుకుని వచ్చాడు, పన్నెండు లక్షల ఎనభై వేలు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, ప్రతాప్‌గారు నిలబడబోతున్నారు. దేవుడి పని కనుక పాతిక వేలు తగ్గిస్తానని, ఆదివారం తానే చర్చికి వచ్చి ఆ మాట ప్రకటించి, అక్కడే చెక్కు తీసుకుంటానని కబురు పెట్టారు.

అదే బండి సుచిత్ర దగ్గర పన్నెండు లక్షల రెండు వేలు. నేను గిడియోన్‌కు చెప్పబోతుంటే ఎలీషమ్మక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు జెప్తే చర్చికి పైసలు మిగుల్తయి. నాకేం మిగుల్తది? ఆయన రాడు. ఆయన రావాలె టీచరమ్మా. వచ్చి ముంగట కుర్చీల కూసోవాలె."

గిడియోన్‌కు మాత్రం ఒక్క మాట చెప్పింది. అతను జీడిమెట్లలో టర్నరు. సన్నటి కొలతలు తీసే వెర్నియరు ఎప్పుడూ బ్యాగులో ఉంటుంది. ఆదివారం అది తెచ్చుకోమంది. ఎందుకక్కా అంటే, "ప్రార్థనకే" అంది.

ఆదివారం వచ్చింది. ప్రతాప్‌గారు మల్లెపువ్వు లాంటి తెల్ల బట్టల్లో వచ్చి, శాలువా కప్పించుకుని, ముందు కుర్చీలో కూర్చున్నారు. లేచి పాతిక వేల మాట చెప్పారు. రెండు వందల మంది ఆమేన్ అన్నారు. ఆయన అక్కడితో వెళ్ళిపోవాల్సింది. చెక్కు ఆరాధన చివర్లో ఇస్తారని కూర్చున్నారు. పాటల తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుందని ఆయనకు తెలియదు.

మా చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేస్తే, వాళ్ళంతట వాళ్ళు కూర్చునేదాకా ఎవరూ ఆపకూడదు. ఒకసారి ఒక పెద్దాయన తన మోకాలి నొప్పి గురించి నలభై నిమిషాలు చెప్పాడు. పాస్టరుగారు గడియారం వైపు కూడా చూడలేదు. మూడేళ్ళలో ఒక్కసారీ లేవని ఎలీషమ్మక్క ఆ రోజు బియ్యం సంచి ఒకటి పట్టుకుని లేచింది.

"దేవునికి స్తోత్రం. నా సాక్ష్యం గీ సంచిల ఉన్నది."

రెండు రంగుల డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది. విప్పింది. రెండు క్లచ్ ప్లేట్లు.

"గిడియోనూ, కొల్వు."

గిడియోన్‌కు ఏమీ అర్థం కాలేదు కానీ లేచాడు. వెర్నియరు పెట్టి ఒకటి కొలిచాడు, రెండోది కొలిచాడు, మళ్ళీ మొదటిది కొలిచాడు. "ఒక్కటే అక్కా. మీద నంబరు గూడ ఒక్కటే గుద్దిన్రు" అన్నాడు.

"ప్రతాప్ సార్, మీరు పెద్దోల్లు. మీరు జెప్పుండ్రి. గివి ఒక్కటేనా, వేరేనా?"

ఆయన పాస్టరుగారి వైపు చూశారు. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ప్రతాప్‌గారు తలుపు వైపు చూశారు. తలుపుకూ ఆయనకూ మధ్య రెండు వందల ఓట్లు కూర్చుని ఉన్నాయి.

"పేరు వేరు గని... సామాను ఒక్కటే."

"ఒక్కటే గద. మూడేండ్ల కింద మీ స్టోర్ల మీ పేరు డబ్బాలు పదకొండు తక్కువచ్చినయి. గా అరలనే రెండో పేరు డబ్బాలు పదకొండు ఎక్కువున్నయి. అశ్రిత మీకు జూపిచ్చింది. నేను దొంగనా సార్?"

ఆయన మెడ మీది శాలువా సర్దుకున్నారు.

"కాదు."

"ఎనకున్నోల్లకు ఇనవడలే."

"దొంగతనం ఏం జరగలే. లెక్కల గల్తీ అయింది."

"ఎవరి గల్తీ?"

"మాదే."

"గా ముచ్చట మీకు ఎన్నొద్దులకు ఎర్కైంది?"

"వారానికి" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మంచిది కాదని తెలుసు. అయినా కలిగింది, కడుపునిండా కలిగింది. ఎలీషమ్మక్క మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. ప్లేట్లు మళ్ళీ డబ్బాల్లో పెట్టి మూతలు వేసింది.

"ఇగ బండి ముచ్చట. గిదే బండి సుచిత్ర కాడ డెబ్బై ఎనిమిది వేలు తక్కువ. సార్ తగ్గిచ్చిన పాతిక వేలు తీసేసినా యాభై మూడు వేలు ఎక్కువనే కడుతున్నరు. అయ్యగారు ఊర్లు మస్తు తిరుగుతరు, వారంటీ కావాలె. గాడ పద్నాలుగు వేలు కడితే గా ఏడాది వారంటీ గూడ ఇస్తరు. మిగిలింది ముప్పై తొమ్మిది వేలు. గదీ నా సాక్ష్యం. స్తోత్రం."

కూర్చుంది. సాక్ష్యం అయ్యాక సంఘం ఆమేన్ అనాలి, అది పద్ధతి. నేనే ముందు అన్నాను, గట్టిగా. తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. గిడియోన్ చెక్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కానుకల సమయం వచ్చింది. పాస్టరుగారు తానే దిగి వచ్చి, మెరూన్ సంచి తెచ్చి ఎలీషమ్మక్క ముందు పట్టుకుని నిలబడ్డారు. ఆమె వెంటనే తీసుకోలేదు. ఆయన్ని అలా నిలబెట్టే చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, ముసుగు సవరించుకుంది. అప్పుడు చెక్క పిడి అందుకుంది.

ఎప్పుడూ వెనక వరుస నుంచి మొదలుపెట్టే మనిషి, ఆ రోజు తిన్నగా ముందు కుర్చీ దగ్గరికి వెళ్ళి ఆగింది. ప్రతాప్‌గారు తల ఎత్తకుండానే జేబులోంచి ఐదు వందల నోట్లు నాలుగు తీసి సంచిలో వేశారు. ఆమె సంచిలోకి చేయి పెట్టి, ఆ నోట్లు నాలుగూ అందరికీ కనబడేలా ఒక్కొక్కటే తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మీ కానుక వద్దు సార్. రేపు లెక్క తక్కువైతే మల్ల నా మీదికే వస్తది."

తర్వాత సంచి పట్టుకుని పక్క కుర్చీ దగ్గరికి జరిగింది.