ఒక వరస జారిన బాతులు

రిటైర్మెంటుకు ఏడాది ముందు, నవంబరులో, నేను ఢిల్లీలో వలస పక్షుల రికార్డుల విభాగంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. హోదా పొడుగే గానీ, పని ఉంగరాలది. శీతాకాలంలో గురుగ్రామ్ అవతలి జీల్‌కు, అంటే సరస్సుకు, దిగే బాతులను వలలో పట్టి, కాలికి నంబరున్న అల్యూమినియం రింగు తొడిగి వదిలేస్తాం. ఆ పక్షి మళ్లీ ఎక్కడైనా దొరికితే, దొరికినవారు నంబరు రాసి పంపుతారు. దాన్ని మా రిజిస్టర్లో వెతికితే పక్షి ప్రయాణం తెలుస్తుంది. బాతులకు వేల ఉంగరాలు తొడిగిన మనిషి తనకు ఒక్కటే తొడిగాడని మా ఆవిడ అభియోగం. రికార్డు ప్రకారం అది నిజమే.

ఆ నెలలో కజకిస్తాన్ నుంచి ఒక వేటగాడి మెయిలు వచ్చింది. తనకు దొరికింది ఆడ చెంచామూతి బాతు అన్నాడు. రింగు నంబరు చివర అరవై ఒకటి. మా రిజిస్టర్లో అరవై ఒకటి ఎదురుగా మగ సూదితోక బాతు ఉంది. రెండూ ఒకే సైజు రింగు వేసుకునే పక్షులే. నేను ఆలోచించకుండా ‘దొరికినవారి పొరపాటు’ అని రాసి, పక్కన పెట్టేశాను. అలాంటి రిమార్కులు రాయడంలో నా చెయ్యి తిరిగింది.

మర్నాడు స్వర్ణ వచ్చింది. నెల్లూరు అమ్మాయి, కాంట్రాక్టు మీద పనిచేసే పరిశోధకురాలు. ఆఫీసులో నన్ను సార్ అనేది, సరోజినీ నగర్ మార్కెట్లో కనబడితే అంకుల్ అనేది. చెంచామూతి బాతుల దారి మీద ఆమె రిపోర్టు సోమవారం కమిటీ ముందుకు వెళ్లాలి. దాన్ని బట్టే కాంట్రాక్టు పొడిగిస్తారు. ఆమె చేతిలో దూరదేశం నుంచి తిరిగొచ్చిన రికార్డు ఒక్కటీ లేదు.

“సార్, ఆయన ఫొటో కూడా పంపాడు, చూశారా?”

చూడలేదు. ఒకే ఫొటోలో గరిటె లాంటి ముక్కూ, కాలి రింగు మీద నంబరూ స్పష్టంగా ఉన్నాయి.

“మరి పొరపాటు మనదేమో సార్?”

“ఆ పేజీ నేనే రాశానమ్మా,” అన్నాను, సాక్ష్యం చెబుతున్నట్టుగా.

“అందుకే అడుగుతున్నా,” అంది.

రిజిస్టర్ తీశాం. అరవై ఎదురుగా ఆడ చెంచామూతి బాతే ఉంది. పేజీ చివర డెబ్భై ఎదురుగా, నా దస్తూరీలోనే ‘రింగు పోయింది’ అని ఉంది. రింగులు తీగకు వరసగా గుచ్చి వస్తాయి. మర్నాటి తీగ డెబ్భై ఒకటితో మొదలైతే, డెబ్భై ఎక్కడో జారిపోయిందనుకుని అలా రాశాను.

జీల్‌లో పక్షులను పట్టి రింగు వేసేది రంజాన్ చాచా. తాతల నాటి నుంచి వాళ్లది అదే పని. ఫోన్ చేసి, ఆ పేజీ రాసిన రోజు ఏదైనా రింగు పాడైందా అని అడిగాను.

“ఒకటి వంకరపోయింది సాబ్. రిజిస్టర్ వెనక లిఫాఫాలో వేశాను.”

“మరి నాకు చెప్పాలిగా చాచా.”

“బోలా థా సాబ్, చెప్పాను. మీరప్పుడు చాయ్ పనిలో ఉన్నారు.”

అట్ట వెనక అంటించిన కవరును అప్పటిదాకా నేను తెరవలేదు. అందులో వంకర రింగు, చివర యాభై రెండు.

నియమం ప్రకారం రింగు వేసేవాడు పక్షి కాలి మీది నంబరు చదవాలి, రాసేవాడు తిరిగి చదివి రాయాలి. పొద్దున్నే చలికి వేళ్లు కొంకర్లు పోతాయని, నేను ముందురోజు సాయంత్రమే నంబర్ల గడి నింపుకునేవాణ్ణి. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. యాభై రెండు కవరులోకి పోయినా, పుస్తకంలో దానికొక బాతు దొరికింది. అక్కడి నుంచి పద్దెనిమిది పక్షులు ఒక్కో వరస పైకి జరిగాయి; అరవై ఎదురుగా రాసిన చెంచామూతి బాతు కాలికి నిజంగా ఉన్నది అరవై ఒకటి.

దిద్దుబాటు పెద్ద పనేం కాదు. చెరిపివేత నిషిద్ధం. ఎర్ర సిరాతో తప్పు నంబరు మీద ఒక గీత, పక్కన సరైనది, పొట్టి సంతకం. పద్దెనిమిది చోట్లా పెట్టాను. నా సంతకం అంత పొట్టిగా ఉన్నందుకు మొదటిసారి సంతోషించాను. వంకర రింగును ఫొటో తీసి స్వర్ణ రిపోర్టుకు జతచేసింది. అధోజ్ఞాపికలో ‘రికార్డు రాసినవారి పొరపాటు’ అని రాసి నాకు చూపించింది. పేరు కూడా పెట్టమన్నాను, పెట్టింది. కమిటీ రికార్డును అంగీకరించింది, ఆమెకు రెండేళ్లు పొడిగించింది.

ఆ తర్వాత ‘దొరికినవారి పొరపాటు’ అన్న రిమార్కును, మా పుస్తకమూ దాని వెనక కవరూ చూశాకే రాశాను. నంబర్ల గడిని మళ్లీ ముందుగా నింపలేదు. దస్తూరీ కొంత చెడింది. ఉంగరం కాలికి చేరకముందు దాని నంబరు పుస్తకంలోకి చేరకూడదు.