పదకొండు సందుల గోడ

2018లో నేను కోదాడ దగ్గర చిలుకూరు వైపున్న ఒక ప్రాథమిక పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్‌ని. బడికీ ఊరికీ మధ్య రోడ్డు. మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీలు ఆ రోడ్డు మీదుగానే పోయేవి. బడి గేటు పక్కవైపు ఉంది గానీ, రోడ్డు వైపు ప్రహరీ లేదు. ఒకటో తరగతి శ్రావణి బంతి వెంట రెండుసార్లు లారీకి అడ్డంగా పరుగెత్తింది. రెండు తేదీలూ లాగ్‌బుక్‌లో, అంటే బడిలో జరిగేవన్నీ రాసే పుస్తకంలో ఎక్కించాను. మూడోసారి రాసే పరిస్థితి రాకూడదనుకున్నాను.

ఇటుక, సిమెంటు దాతలిచ్చారు. కట్టే చేతులు మాత్రం ఊరివే కావాలి. ఆ ఆదివారం మా చర్చిలో నెహెమ్యా గురించి ప్రసంగం విన్నాను. కూలిన యెరూషలేము గోడను ఆయన యాభై రెండు రోజుల్లో కట్టించాడు. ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగం వారికి అప్పగించడమే ఆయన ఉపాయం. నాయకత్వమంటే ఇదేననుకున్నాను. రోడ్డుకు అవతల పదకొండు ఇళ్లు, గోడ రెండు వందల ఇరవై అడుగులు. ఇంటికి ఇరవై. లెక్క సరిపోయింది. జూలై 2, సోమవారం పని మొదలైంది.

ముప్పై ఆరో రోజున గోడ లేచింది. చూస్తే ప్రతి ఇంటికి ఎదురుగా మూడడుగుల సందు. అంతకుముందు బర్రెలు ఎటు పడితే అటు వచ్చేవి. ఇప్పుడు వరుసగా వస్తున్నాయి.

మొదటి ఇంటి సైదులును అడిగాను. "ఇదేంది సైదులు?"

"దర్వాజకు ఎదురుంగ నా చేతులతోని నేనే గోడ పెట్టుకుంటనా టీచరమ్మా? అరిష్టం గాదా?"

"అయితే గోడ వద్దా?"

"వద్దని ఎవరన్నరు? మంది పెడితే దోషం పెట్టినోళ్లకు తగులుతది. నాకేం లేదు."

పక్కింటి లచ్చమ్మ అందుకుంది. "నా సందు ఉండనీయుండ్రి గని టీచరమ్మా, గా సైదులుది మూపియ్యుండ్రి. బడిలకు వచ్చేటియి ఆయన బర్రెలే."

"నీ మేకలు గోడ చుట్టూ తిరిగొస్తున్నయా?" అన్నాడు సైదులు.

పద్నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. పదకొండు ఇళ్లలోనూ రెండే మాటలు: మాది మూయం, వాళ్లది మూయించు. నెహెమ్యాకు శత్రువులు గోడ బయట ఉన్నారు, అదృష్టవంతుడు.

యాభయ్యో రోజు లాగ్‌బుక్ తెరిచి ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసుకున్నాను. జవాబు అక్కడే ఉంది. సాయంత్రం అందరినీ పిలిచి కొత్త జాబితా చదివాను. ఎవరి సందు వారు ముట్టవద్దు. కుడిపక్క ఇంటివారిది మూయాలి. చివరి ఇంటివారికి మొదటి ఇల్లు.

సైదులు వేళ్ల మీద ఇళ్లు లెక్కపెట్టాడు. "అంటే లచ్చమ్మది నేను మూయాలె?"

"అవును, రేపటి నుంచి."

"రేపటిదాంక ఎందుకు టీచరమ్మా?"

దోషం ఎవరిది ఎవరికి తగులుతుందని ఒక్కరూ అడగలేదు. రెండు రోజుల్లో పదకొండు సందులూ మూతబడ్డాయి. సైదులు తాను మూసిన చోట అంగుళం ఖాళీ లేదని టేపు పెట్టి మరీ చూపించాడు. చివరి ఇంటివారికి చేతకాదని లచ్చమ్మ తానే వెళ్లి సైదులు ఇంటి ఎదుట ఒక వరుస ఎక్కువ పేర్చింది. గోడ మొత్తం ఐదడుగులు, అక్కడ మాత్రం మరో నాలుగంగుళాలు.

యాభై రెండో రోజు సాయంత్రం తడి సిమెంటుకు సైదులు బర్రె వీపు గోక్కుంది. లచ్చమ్మ పేర్చిన ఆ వరుసే పడింది. మళ్లీ పెట్టేసరికి యాభై మూడు. నెహెమ్యా చేతిలో ఒక్క రోజు తేడాతో ఓడిపోయాను.

ఇప్పుడు సూర్యాపేటలో విశ్రాంతిగా ఉన్నాను. నాయకత్వం గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను. నెహెమ్యా ఉపాయం గొప్పదే, కానీ ఆయన తన జనాన్ని ఎరిగి వాడాడు. నేను మా జనాన్ని అడగకుండా ఆయన జాబితా ఎత్తి రాసుకున్నాను. అడగడానికి పట్టింది పద్నాలుగు రోజులు. ముందే అడిగి ఉంటే గెలిచేదాన్ని.

ఆగస్టు 24న లాగ్‌బుక్‌లో ఒకే వాక్యం ఉంది: "శ్రావణి బంతి గోడకు తగిలి వెనక్కి వచ్చింది."