తొట్టిలో తెల్లబడ్డ తాడు

రాజమండ్రిలో మా పెదనాన్నకి సప్లయింగ్ కంపెనీ ఉండేది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. పెళ్లిళ్లకీ సంతర్పణలకీ షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చే కొట్టు. కాలేజీ చదువు కోసం నేను వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి కాబట్టి, సాయంత్రాలు ఆ కొట్లో కూర్చోక తప్పేది కాదు. ఆయన పెట్టిన అన్నం తిన్నాను, నిజమే. కానీ ఆయన మీద నాకు గౌరవం ఏనాడూ కలగలేదు. కలగకుండా ఆయన చాలా జాగ్రత్త పడ్డాడు.

ఎనభైల మొదట్లో మా వైపు కాలేజీ వాళ్లకి కొండలెక్కే పిచ్చి పట్టుకుంది. ఎటు చూసినా వరిచేలూ కాలవలూ తప్ప చిన్న దిబ్బైనా కనపడని ఊళ్లలో పుట్టినవాళ్లకి అంత మోజు ఎక్కణ్ణించి వచ్చిందో! సెలవులిస్తే చాలు, పాపికొండలనీ మారేడుమిల్లి అనీ బయల్దేరేవారు. పెదనాన్న ఆ వాసన పసిగట్టాడు. విశాఖపట్నం వెళ్లి, మిలిటరీ వాళ్లు వద్దనుకుని వేలం వేసిన గుడారాలు, వీపుసంచులు, ఇనప కొక్కేలు, పెద్ద చుట్ట తెల్లటి నైలాను తాడు లారీలో వేసుకొచ్చాడు. ఆయన తన జన్మలో ఎక్కిన ఎత్తు మా కొట్లో అటక.

సామానుతోపాటు మాటలు కూడా తెచ్చుకున్నాడు. వీపుసంచిని రక్‌సాక్ అనాలి. కొక్కేన్ని కారబినర్ అనాలి. గుడారం మీద కప్పే గుడ్డ ఫ్లైషీటు. నేను తాడంటే కసురుకునేవాడు.

"తాడేంట్రా, గేదెని కట్టడానికా? క్లైంబింగ్ రోప్ అనాలి."

వాటన్నిటి మీదా కూర్చున్న మాట ఇంకోటి ఉండేది. పార్టీ, అంటే అద్దెకి తీసుకునేవాడు, ఏది అడిగినా ఆయన జవాబు అదే.

"ఇది మనిషి బరువు ఆపుతుందాండీ?"

"ఫుల్ కండిషనండి. మిలిటరీ సరుకండి."

అంత మంచి సరుకుని మిలిటరీ వాళ్లు ఎందుకు వదిలించుకున్నారో ఒక్క పార్టీ కూడా అడగలేదు. వచ్చేవాళ్లలో లెక్చరర్లుండేవారు, బ్యాంకు ఆఫీసర్లుండేవారు. కారబినర్ అన్న మాట చెవిన పడగానే, ఎప్పట్నించో తెలిసినట్టు తలలాడించేవారు. వాళ్లని చూసినా నాకు ఒళ్లు మండేది. అడిగితే తమకి తెలియదని బయటపడుతుందని వాళ్ల భయం. పైన పటారం, లోన లొటారం అని మా పెద్దమ్మ అనేది వాళ్లని చూసే అయి ఉంటుంది.

కొట్టు వెనక సిమెంటు తొట్టి ఉండేది. పెళ్లి నుంచి షామియానా గుడ్డ తిరిగొస్తే ఆ తొట్టిలో బ్లీచింగ్ పౌడరు కలిపి నానేసేవారు. తరవాత గంజి పెట్టి ఆరేసేవారు. మా వ్యాపారంలో తెలుపే కొత్తదనం. తెల్లగా, పెళపెళలాడుతూ ఉంటే పార్టీ నోరెత్తడు. తాడు కూడా తెల్లదే కదా! కాబట్టి కొండ నుంచి బురదతో తిరిగొచ్చిన ప్రతిసారీ పెదనాన్న తాడునీ షామియానాతోపాటే తొట్టిలో పడేసేవాడు. గంజి కూడా పెట్టించేవాడు. ఎండాక అది కర్రలా బిగుసుకునేది. "చూశావా ఎంత గట్టిగా ఉందో!" అని మురిసిపోయేవాడు. గంజికి వచ్చిన బిగువుని బలం అనుకున్న మహానుభావుడు ఆయన. ఆ గంజి రాలేలా నులిమితే లోపల్నించి పీచు ఊడొచ్చేది. ఆ తొట్టిలో నానిన షామియానాలు రెండు మూడు పెళ్లి సీజన్లకే వేలు పెడితే చిరిగేవని ఇంటిల్లిపాదికీ తెలుసు. మా పెద్దమ్మ తన చీర ఒక్కటి కూడా దాని దరిదాపులకి రానిచ్చేది కాదు.

పెదనాన్నకి ఒక్కతే కూతురు. నాకంటే కొంచెం పెద్దది, అక్క అనేవాణ్ణి. ఆడపిల్లల కాలేజీలో చదివేది. వాళ్ల ఆటల మేడం పిల్లల్ని కోరుకొండ దాటాక ఉన్న ఒక రాతిగుట్టకి తీసుకెళ్తానంది. రెండు రోజుల క్యాంపు, తాడు పట్టుకుని ఎక్కడం. అక్క ఆ క్యాంపు కోసం ఇంట్లో ఏడ్చింది, అన్నం మానేసింది, ఆఖరికి ఒప్పించింది. పిల్ల గుడారంలో కూర్చుని స్నేహితురాళ్లతో కబుర్లు చెప్పుకుంటుందనుకుని పెదనాన్న ఒప్పుకున్నాడు. సామాను మన కొట్లోంచే వెళ్లాలన్నది ఆయన షరతు.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం మేడం నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చింది. అక్క కూడా ఉంది. మేడం తాడుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగానే ఉందాండీ షావుకారు గారూ?"

"ఫుల్ కండిషనండి మేడం గారూ."

"అయితే సరేనండి. ముందు ఎక్కేది మీ అమ్మాయే. అందరిలోకీ చురుకైంది."

పెదనాన్న మొహంలో రంగు మారడం నేను మొదటిసారి చూశాను.

"మా అమ్మాయి వద్దండి. కింద వంట సంగతి చూస్తుందండి. మిగతా పిల్లలు ఎక్కుతారు కదండీ."

"తాడు కండిషనే అయితే నేనెందుకు ఎక్కకూడదు నాన్నా?" అంది అక్క.

ఆయన అక్క జబ్బ పట్టుకుని, నేను కూర్చున్న మూలకి, గుండిగల వెనక్కి లాక్కొచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ తాడు సంగతి మనకి తెలుసు కదే తల్లీ. తొట్టిలో ఎన్నిసార్లు నానిందో! వాళ్లకేంటి, పార్టీలు. నువ్వు మాత్రం ముట్టుకోకు."

ఇన్నాళ్లూ ఆయన్ని తెలివితక్కువవాడనుకున్నాను. ఆ క్షణంలో తెలిసింది, ఆయనకి అన్నీ తెలుసని.

షామియానా గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర గోడకి వేలాడుతోంది. అక్క అది తీసుకుని మేడం ముందుకెళ్లి, ఆ తాడుని నరకడం మొదలుపెట్టింది. పెదనాన్న "ఏయ్, ఏయ్!" అంటూ వచ్చేసరికి సగం చుట్ట ముక్కలైంది. ఆ కొండ కోసం అన్నం మానేసిన పిల్ల తన చేత్తోనే దాన్ని తెంపుకుంటోంది.

"ఇది మనుషులు ఎక్కే తాడు కాదు మేడం," అంది.

క్యాంపుకి వెళ్లారు గానీ ఎవరూ గుట్ట ఎక్కలేదట. అక్క వెళ్లనే లేదు, పెదనాన్న వెళ్లనివ్వలేదు. అక్క తాడు నరికిన రోజు సాయంత్రం ఆయన ఆ ముక్కలన్నీ ఏరించి, పందిళ్లు కట్టడానికి పనికొస్తాయని అటక మీద పెట్టించాడు. భోజనాల దగ్గర మాత్రం చాలా ప్రశాంతంగా ఉన్నాడు.

"పోనీలే, ఏదైతేనేం, మన పిల్ల ఎక్కదు," అన్నాడు పెద్దమ్మతో.

అక్క తలెత్తింది. "మిగతావాళ్లు కూడా ఎక్కరు నాన్నా."

"వాళ్ల గొడవ మనకెందుకే? ఆ చారు ఇటు జరుపు," అన్నాడు.