పంపుహౌసు నుంచి పీపీ నంబరుకు

ముందుగాలనే చెప్తున్న. దయ్యం, గాలి, ధూళి అని ఎవరన్న మొదలువెడితే లేచి పోయే రకం నేను. మా అమ్మ దిష్టి తీస్తనని ఎండుమిరపకాయలు పట్టుకొస్తే, పచ్చడికన్న పనికొస్తయని గుంజుకునేదాన్ని. ఇప్పటికి గూడ నాది అదే మాట. ఈ ఒక్కటి మాత్రం ఎటు తిప్పి చూసినా సమజ్ కాలే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్న. నమ్ముతరో నమ్మరో మీ ఇష్టం.

పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల టెలిఫోన్ ఆపరేటర్‌గ పనిచేసిన. ఆ నౌకరి నాకు ఊకె రాలే. మా ఆయన మల్లేశం అదే ఫ్యాక్టరీల పంపు ఆపరేటర్. డ్యూటీల ఉండంగనే గుండె ఆగి పోయిండు. ఆరు నెలలకు ఆయన బదులు నన్ను తీసుకున్నరు. పదో తరగతి పాసైన, గొంతు గట్టిది, ఇగ బోర్డు ముంగట కూసోబెట్టిన్రు.

పొద్దంత నా చెవుల మనుషులే మనుషులు. బొంబాయి పార్టీలు, లారీ ఆఫీసులు, స్టోర్సోళ్ల తిట్లు. సాయంత్రం చిట్కుల్‌ల కిరాయి రూంకు పోయి తాళం తీస్తే, పొద్దున చాయ్ తాగిన గిలాస యాడ వెట్టిన్నో ఆడనే ఉంటుండె. పిల్లలు లేరు. తెల్లారి మళ్ల బోర్డు కాడికి వచ్చి నమస్తే అనేదాంక నా నోట్లకెళ్లి ఒక్క మాట వచ్చేది కాదు. కొన్ని దినాలు నా గొంతు నాకే కొత్తగ ఇనిపిస్తుండె.

అప్పట్ల అందరిండ్లల్ల ఫోన్ లేకుండె. మా ఓనరు సత్తెమ్మక్క ఇంట్ల ఉండె. కిరాయికున్న ఐదు రూములోళ్లకు అదే నంబరు. ఎక్కడ రాసిచ్చినా పక్కన పీపీ అని రాస్తుంటిమి. అంటే ఫోన్ పక్కింటిది, కేకేస్తే మేం వస్తమని. ఫోన్ మోగితే సత్తెమ్మక్క వాకిట్ల నిలవడి పేరు వెట్టి పిలుస్తుండె, వాడకట్టు మొత్తం ఇనేటట్టు.

రెండువేల సంవత్సరం దాటినంక కొత్త మేనేజర్ సారు వచ్చిండు. వచ్చిన వారంలనే ఫోన్ బిల్లుల మీద పడ్డడు. మాకు పదకొండు పాత లైన్లు ఉండె. వాన పడితే గరగర, గాలి వస్తే డెడ్. ఇన్ని పాత లైన్లకు కిరాయి ఎందుకు కట్టాలె, ఒక్క డిజిటల్ లైన్ తెస్తే అన్నీ దాంట్లనే పోతయి, పనికిరానియి వాపస్ ఇచ్చేద్దం అన్నడు. మాట కరెక్టే. ఏ లైన్ ఎవరు వాడుతున్నరో రాసియ్యమని ఆ పని నాకు చెప్పిండు.

పది లైన్ల లెక్క తేలింది. పదకొండోది పంపుహౌసు లైన్.

పంపుహౌసు ఫ్యాక్టరీ గోడ అవతల, నాలా పక్కన ఉంటది. బోర్డు నుంచి అంత దూరం వైరు గుంజలేక, మొదట్లనే దానికి సీదా ఎక్స్చేంజి లైన్ తీసుకున్నరట. మా ఆయన పోయిన ఏడాదికే బోర్లు ఎండినయి. మంజీర నీళ్లు వచ్చినయి. మోటర్ విప్పి అమ్మేసిన్రు, రూంకు తాళం పడ్డది. లైన్ సంగతి మాత్రం ఎవ్వరికీ యాదిల లేదు. బిల్లు వచ్చుడు, కట్టుడు, గంతే.

ఆ బిల్లు చూసి సారు ఎగిరి పడ్డడు. తాళమేసిన రూం నుంచి నెల నెలా కాల్స్ పోతున్నయి! సెక్యూరిటీ వాళ్లను పిలిచి దులిపిండు. వాళ్లు పిల్లల మీద ఒట్లు వెట్టుకున్నరు. ఇట్ల కాదని ఎక్స్చేంజికి ఉత్తరం రాస్తే వివరాల కాగితం ఇచ్చిన్రు.

రోజుకు ఒక్కటే కాల్. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు. అర నిమిషం గూడ ఉండదు. ఆదివారాలు లేవు. అన్నీ ఒక్క నంబరుకే.

"ఎవరిదమ్మా ఈ నంబరు?" అన్నడు సారు.

నా నౌకరి దరఖాస్తుల పీపీ అని నా చేత్తోని రాసిన నంబరు అది. "తెల్వదు సార్" అన్న. గొంతు వణకలే. ఆపరేటర్ గొంతు గదా.

ఇగ అసలు ముచ్చట చెప్పాలె. ఇన్నేండ్లల్ల ఎవ్వరికీ చెప్పలే.

నాలుగింటికి క్యాంటీన్ చాయ్ పంపుహౌసుకు వస్తుండె. అది తాగి మా ఆయన నాలుగు పదికి నాకు ఫోన్ చేస్తుండె. పెద్ద మాటలేం ఉండవు. ఏం వండుతున్నవ్, ఏమన్న తేవాల్నా, గంతే. పోయిన రోజు మేం బోనాలకు మా అమ్మగారింటికి పోవాలె. లీవు పెడ్తనన్న మనిషి, రిలీవరు రాలేదని పొద్దుగాలనే డ్యూటీకి ఉరికిండు. నాకు మండింది. సాయంత్రం సత్తెమ్మక్క "సుగుణా, నీకే ఫోన్!" అని కేకేసింది. నేను గడప దాటలే. రూంలకెళ్లే ఒర్రిన, "లేనని చెప్పు!" అని.

ఆరింటికి రాత్రి డ్యూటీ ఆయన పోయి చూసేసరికి మోటర్ పక్కన గోడకు ఒరిగి కూసున్నడట. అప్పటికే పానం లేదు.

నొప్పి లేసి నాకు చెప్పుదమని చేసిండో, ఎప్పటి లెక్క కూర సంగతి అడుగుదమని చేసిండో. నా ఒర్రుడు ఆయనకు ఇనవడ్డదో లేదో. ఇవి రెండూ తెల్వకుండ ఐదేండ్లు బతికిన. ఇంత బతుకుల ఇంకేం అడగలే దేవున్ని, ఈ రెండే.

సెక్యూరిటీ ఆయనతోని పోయి పంపుహౌసు తలుపు తీయించిన. లోపట మోటర్ గద్దె మీద నాలుగు బోల్టులు మిగిలినయి. గోడ పక్కన స్టూలు మీద నల్ల డయల్ ఫోన్. దుమ్ము వేలు మందం ఉన్నది, ఎవ్వలూ ముట్టినట్టు లేదు. డయల్‌కు చిన్న తాళం వేసి ఉన్నది, ఎవరూ ఊకె ఫోన్లు చెయ్యకుండ అప్పట్ల వేస్తుండె గదా, అది. దాని చెవి మా ఆయన కాడనే ఉంటుండె. ఆయన సామాన్లతోని నాకు వచ్చింది. ఇప్పుడు నా రూం తాళం చెవులల్ల ఉన్నది. అంటే నాతోని మాట్లాడుదమని చేసి, నేను లేనంటే, మళ్ల తాళమేసి చెవి జేబుల వేసుకున్నడు. ఆడనే ఏడ్చిన.

సారుకు చెప్తే, తాళమేసినా రిసీవర్ పెట్టే కాడి గుండీలు టపటప కొట్టి నంబరు కలపొచ్చమ్మా అన్నడు. కలపొచ్చు. దుమ్ము సంగతి మాత్రం ఆయన చెప్పలే.

ఆ సాయంత్రం సత్తెమ్మక్కను అడిగిన.

"నాలుగింటికా? వస్తది, నువ్వు నౌకరిల చేరిన కొన్నాళ్లకెళ్లి రోజు వస్తది," అన్నది బియ్యం చెరుగుకుంట. "ఎవ్వలు మాట్లాడరు. మోటర్ సప్పుడు వస్తది. సుగుణ లేదు, డ్యూటీకి పోయింది అని పెట్టేస్త."

"నా పేరెందుకు చెప్తున్నవ్ అక్కా?"

చేట ఆపి నా మొకం చూసింది. "ఏమో మరి. నోటికి అదే వస్తది. ఆదివారం రాదు గద, నీకెన్నడూ చెప్పలే."

అప్పుడు అడిగిన, ఐదేండ్లు అడగంది. ఆ రోజు ఆయన ఏమన్నడని.

"ఏమనలే బిడ్డా. జెరసేపు ఉన్నడు. సరే అక్కా అని పెట్టేసిండు."

శనివారం లైన్ కోస్తరని ఖరారైంది. లైన్‌మన్ సాయంత్రం వస్తనన్నడు. నేను మధ్యాహ్నం నుంచి సగం లీవు రాసిన. ఒక్క ఆఖరి ఫోన్ ఉన్నది, దాన్ని నేను ఎత్తాలె, గంతే నా ఆశ.

శనివారం పదకొండు గంటలకే లైన్‌మన్ దిగిండు! "సాయంత్రం రా అన్నా, నీకు దండం వెడత" అన్న. "ఇంకా నాలుగు జాగలున్నయమ్మా" అన్నడు. నేనే తీస్కపోయిన. నా కండ్ల ముంగట డబ్బ విప్పి వైర్లు కోసి, ఫోన్ పీకి సంచిల వేసుకున్నడు. కంపెనీ తరఫున కాగితం మీద సంతకం, టైము నేనే వేసిన. ఆయన్ను రెండోసారి నేనే సాగనంపినట్టు అయింది.

అయినా ఇంటికి పోయిన. ఏం మోగదని తెల్సు. రూంల కూసోబుద్ధి కాలే, సత్తెమ్మక్క ఇంట్ల ఫోన్ ముంగట కూసున్న. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది.

నాలుగు పదికి ఫోన్ మోగింది.

సత్తెమ్మక్క చెయ్యి చాపింది. నేను ముందే ఎత్తిన.

మోటర్ సప్పుడు. నాలుగేండ్ల కింద అమ్మేసిన మోటర్. అది నడుస్తుంటే మధ్యల ఒక్కోసారి దగ్గినట్టు ఆగి మళ్ల అందుకుంటుండె. ఫోన్ల రోజూ ఇన్నదాన్ని, నాకు తెల్వదా?

"నేనే," అన్న. "సుగుణను. ఉన్న. ఇంట్లనే ఉన్న."

సప్పుడు అట్లనే వస్తున్నది. నేను ఆపలే. బోనాల ముచ్చట చెప్పిన, కోపం చెప్పిన. ఆ రోజు నేనే లేనని చెప్పించిన, తప్పయింది అని చెప్పిన. ఎంతసేపు మాట్లాడిన్నో తెల్వదు. చిక్కుడుకాయ కూర వండుతున్నరని గూడ చెప్పిన.

మోటర్ ఆగింది. ఎవరో స్విచ్ బంద్ చేసినట్టు. తర్వాత మామూలు డయల్ టోను.

సత్తెమ్మక్క చిక్కుడుకాయలు మళ్ల అందుకున్నది. "రోజు గింతసేపు ఉండదు" అన్నది, గంతే. ఆ తర్వాత ఆ టైముకు ఆ ఇంట్ల ఫోన్ మోగలే.

ఆఖరి బిల్లుతోని వివరాల కాగితం వచ్చింది. ఆ శనివారం గూడ కాల్ ఉన్నది. నాలుగు పదికి మొదలు, ఆరు నిమిషాలు. సారు చూసి ఎక్స్చేంజి కంప్యూటర్ తప్పన్నడు. లైన్‌మన్‌ను అడిగితే వైర్లు వేరేదాంట్ల కలిసి ఉంటయన్నడు. కావచ్చు. రెండు కాగితాలు జిరాక్స్ తీసి పెట్టుకున్న, లైన్ కోసిన టైము వేసి నేను సంతకం చేసింది, ఆ బిల్లుది. అప్పుడప్పుడు తీసి పక్కపక్కన వెట్టి చూస్త. ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆయన ఎందుకు ఫోన్ చేసిండో గూడ ఇప్పటికీ తెల్వదు. నేను ఆ రోజు ఇంట్లనే ఉన్ననని మాత్రం ఆయనకు చెప్పిన.