గోడెక్కిన 142857

అరకు లోయలో మా బాలికల ఆశ్రమ పాఠశాలకు పట్నం నుంచి ఒకాయన ఉపన్యాసమివ్వడానికి వచ్చాడు. నేనక్కడ లెక్కల మాస్టారిని. ఆయన బోర్డు మీద 142857 అని రాసి, కళ్లు మూసుకుని, "ఇది దేవరహస్యం" అన్నాడు.

రెండుతో గుణిస్తే 285714. మూడుతో 428571. అవే అంకెలు, అదే వరుస, మొదలు మాత్రమే మారుతుంది. ఆరు దాకా అంతే. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతవరకూ నాకూ ముచ్చటే. రోజూ ఈ సంఖ్యను తాకితే పరీక్ష గట్టెక్కుతుందని ఆయన అనేసరికి ఒళ్లు మండింది.

"ఏడుతో గుణించండి" అన్నాను.

"అది పైస్థాయి సాధకులకు" అన్నాడాయన, మంచినీళ్ల సీసా అందుకుంటూ.

ఏడుతో గుణిస్తే 999999. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత అంతులేకుండా తిరిగేవి ఈ ఆరంకెలే. శేషాలు 1, 3, 2, 6, 4, 5, ఆ తర్వాత మళ్లీ ఒకటి. ఏ శేషంతో మొదలుపెట్టినా అదే చుట్టు. చిన్న తరగతుల్లో నేర్పే భాగహారం. చేతికందే అందాన్ని దాచిపెట్టి తాయెత్తులా అమ్ముకునే ఇలాంటి వాళ్లకు శాలువాలు కప్పుతారు. మా హెడ్మాస్టరూ కప్పాడు.

వారం తిరక్కుండా గేటు పక్క గోడ మీద ఆ సంఖ్యను పసుపు రంగుతో రాయించాడు. తరగతులకు వెళ్తూ పిల్లలు దాన్ని తాకి కళ్లకద్దుకునేవారు. వాళ్లకంటే ముందు మా టీచర్లు. నేను దగ్గరికెళ్లి చూస్తే పెయింటరు ఎనిమిదినీ అయిదునీ తారుమారు చేశాడు: 142587. అంతమంది మొక్కుతున్నా ఒక్కరూ చదవలేదు.

హెడ్మాస్టరుకు చెప్పాను.

"అయితే ఏటి మాస్టారూ? నమ్మకం ముఖ్యం గానీ అంకెలా?" అన్నాడు. ఆయన ఎమ్మెస్సీ లెక్కలు.

మర్నాడు ఎనిమిదో తరగతిని ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లి, రెండుతో గుణించమన్నాను. ముందు వరసలో కూర్చునే గుంట ఒకర్తి నేల మీద సుద్దతో గుణించి, తల గోక్కుంది.

"ఇది తిరగట్నేదు సార్. 285174 వచ్చింది."

"ఎందుకంటావు?"

"గోడే తప్పు సార్!"

అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆఫీసు గది దాకా వెళ్లింది. హెడ్మాస్టరు బయటికొచ్చి, గోడకేసి చూసి, లోపలికెళ్లి పెయింటరుకు ఫోన్ చేశాడు. మర్నాటికి అంకెలు సరిపోయాయి. హెడ్మాస్టరు అందరినీ పిలిచి గోడకు పూజ మొదలుపెట్టాడు. మా తరగతి మాత్రం వెళ్లలేదు. ఆ పూట ఒకటిని పదిహేడుతో భాగిస్తున్నాం. పదహారంకెలు దాటితే గానీ మొదటి శేషం తిరిగి రాదు. బయట కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. నోటుపుస్తకాల మీంచి ఒక్క తలా లేవలేదు.