మూడు షాపుల కళ్లజోళ్ల సాయిబు గారు

అమ్మ రెండో కంటి ఆపరేషన్ సంగతి అడుగుదామని వన్ టౌన్ షాపుకి ఫోన్ చేస్తే, కళ్లజోళ్ల సాయిబు గారి అమ్మాయి ఎత్తింది. "నాన్నగారు మొన్న పోయారక్కా, నిద్రలోనే" అంది. వంటింట్లోకి వెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ స్టవ్ కట్టేసి, "మరి నా కన్ను ఎవరు సూత్తారే?" అంది. ఆ తర్వాతే ఏడ్చింది. ఆయన చెయ్యించుకోమంటే తప్ప రెండో కన్ను ఎవరినీ ముట్టనివ్వనని అమ్మ పట్టు.

వన్ టౌన్‌లోది వాళ్ల నాన్నగారి నాటి షాపు. తర్వాత మధురవాడలో ఒకటి, దువ్వాడలో ఒకటి పెట్టారు. ఏ రోజు ఎక్కడుంటారో ఆయనకి తప్ప అందరికీ గందరగోళమే. ఆటోవాడితో బేరమాడి వన్ టౌన్ సందుల్లోకి వెళితే, ఆయన మధురవాడలో ఏ సాఫ్ట్‌వేర్ కుర్రాడి కళ్లలోకో టార్చి వేస్తూ ఉండేవారు. తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లం, మళ్లీ వెళ్లేవాళ్లం. ఊళ్లో వేరే షాపులు లేవా అంటే బోలెడున్నాయి. ఈయనైతే ముందు ఇంటి సంగతులు అడిగేవారు. కళ్లజోడు తొడిగాక చెవి వెనక వేలు పెట్టి చూసి, "ఇక్కడ ఒత్తితే సిరాకు, సిరాకొస్తే ఇంట్లో గొడవ" అనేవారు. నవ్వకుండా అనేవారు.

అమ్మకి ఆపరేషన్ అంటే చచ్చేంత భయం. శుక్లం ముదిరిందంటారేమోనని ఏం చేసిందో తెలుసా? వన్ టౌన్ షాపులో వంతు కోసం కూర్చున్నప్పుడల్లా, లోపల మిగతావాళ్లు చదివేది విని అక్షరాల బోర్డంతా బట్టీ పట్టేసింది. చర్చిలో పుస్తకం ముట్టకుండా కీర్తనలు పాడే మనిషికి అదేం పెద్ద పని కాదు. ప్రతిసారీ గడగడా ఒప్పజెప్పి బయటపడేది. ఒకసారి ఆయన దువ్వాడలో ఉన్నారంటే అక్కడికి తీసుకెళ్లాను. అమ్మ కుర్చీలో కూర్చుని, పైనున్న పెద్దక్షరం నుంచి అడుగు వరస దాకా తడుముకోకుండా చదివేసింది. ఆయన ఆసాంతం విన్నారు.

"బాగా సదివేరమ్మా. కానీ అది వన్ టౌన్ బోర్డు. ఇక్కడున్నది ఏరే."

బయట బెంచీ మీద వాళ్లు గొల్లున నవ్వారు. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు. ఆపరేషన్ మాట ఎత్తలేదు.

"ఇంట్లో ఏటి సెయ్యలేకపోతన్నారో సెప్పండి" అన్నారు.

అమ్మ తల వంచుకునే చెప్పింది. "మనవరాలికి సేప ముల్లు తీసి పెట్టలేకపోతన్నాను బాబూ. బయమేసి పప్పన్నమే పెడతన్నాను. అది సేప కావాలని ఏడుత్తంది."

"అయితే ఆ సేప కోసమే కన్ను బాగు సేయించుకుందాం" అన్నారాయన.

ఆపరేషన్ రోజు షాపు మూసేసి ఆస్పత్రికి వచ్చి, అమ్మ బయటికి వచ్చేదాకా వరండాలో నా పక్కనే కూర్చున్నారు. నా తోడబుట్టినవాళ్లు కూడా అంతసేపు కూర్చోలేదు. ఇప్పుడు కళ్లజోడు కాస్త వదులైనా ఆయనే గుర్తొస్తున్నారు. ఇంకెవరి దగ్గరికీ వెళ్లబుద్ధి కావడం లేదు.

పోయిన శనివారం అమ్మని బతిమాలి దువ్వాడ తీసుకెళ్లాను. ఆయన కుర్చీలో వాళ్లమ్మాయి కూర్చుంది. తనూ ఆ చదువే చదివి, మధురవాడ షాపు కొన్నేళ్లుగా చూసుకుంటోంది. లైటు తీసేసి, అమ్మకి పరీక్ష ఫ్రేము తగిలించి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని అడిగింది. అచ్చం ఆయన గొంతులో ఉండే నెమ్మదే. అమ్మ కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. అమ్మాయి తుడిచి ఇంకో అద్దం వేసింది. మళ్లీ నీళ్లే. కన్ను తడిగా ఉంటే పవరు సరిగ్గా తెలియదట.

"ఆపరేషన్‌కి రాసెయ్యమ్మా, సేయించుకుంటాను" అంది అమ్మ.

"రాద్దాం ఆంటీ. ముందు కళ్లు ఆరనీండి" అంటూ ఆ అమ్మాయి తన కళ్లజోడు కూడా తీసి బల్ల మీద పెట్టింది. ఆ చీకటిగదిలో ఇద్దరూ ఎదురెదురుగా, కళ్లు ఆరేదాకా కూర్చున్నారు.